చక్రఘోషకు టీకా తాత్పర్యం

కుడికిఁ దిప్పఁ గూఁత కూయును ముందర
నెడమఁ దిప్ప మూల్గు నేడ్చినట్లు
కొసకుఁ దిప్పఁ దిట్టుఁ గొట్టును జోడుగా
సరుకు మురుగకుండఁ జదువుమన్న!

అవతారిక: మైపాడు వైపు రొయ్యల గుంటల్లో పట్టుబడి. ఐసు ట్రేలు నింపుకున్న పికప్పు కట్ట మీద మలుపు తిరగబోయి అరిచింది. డ్రైవరు మెకానిక్కుకు ఫోను కొట్టి, "అన్నా, కుడికి తిప్పితే కూస్తా ఉండాది" అని మొదలెట్టి చేసుకున్న విన్నపమే ఈ పద్యం. ఛందస్సు ఆటవెలది. రసం కరుణం; బిల్లు చేతికొచ్చాక రౌద్రం.

ప్రతిపదార్థం: కుడికిన్ తిప్పన్ = స్టీరింగును కుడికి తిప్పగా; కూఁత కూయును = వేగంతో పాటు పెరిగే హోరు పుట్టును; ఎడమన్ తిప్పన్ = ఎడమకు తిప్పగా; మూల్గు = కిర్రుమను; కొసకున్ = స్టీరింగు ఇక తిరగనంత దాకా; తిట్టున్ = గుర్రుమను; కొట్టును = టక్కుమను; అన్న = ఓ మెకానిక్కూ! కర్త 'బండి' అధ్యాహార్యం.

టీక: కుడికి తిరిగితే కూత గనుక దోషం కుడి చక్రానిదని పామరులు తలుస్తారు. అది తగదు. బండి కుడికి తిరిగినప్పుడు బరువు ఎడమ చక్రం మీదికి ఒరుగుతుంది. అప్పుడు హోరు పెరిగితే ముందుగా అనుమానించవలసింది ఎడమ బేరింగునే.

మూల్గు గ్రీజు ఎండిన కింగ్‌పిన్ను స్వరం. బండి కదలకపోయినా, స్టీరింగు తిప్పితే చాలు వినిపిస్తుంది. తిట్టు పవర్ స్టీరింగ్ పంపుది: ఆయిలు తగ్గిందేమో చూడాలి, కొసకు తిప్పి అక్కడే బిగబట్టరాదు. కొట్టు టైరాడ్ ఎండుదో, కమాన్ కట్టల బుష్షుదో.

పూర్వపక్షం: "మలుపులో టకటకమంటే యాక్సిల్ పోయినట్టే" అని కార్ల మెకానిక్కుల మతం.

సిద్ధాంతం: ఆ సూత్రం ముందు చక్రాలకు ఇంజను బలం అందే బండికి చెల్లుతుంది. మన పికప్పుల్లో ఎక్కువ భాగం వెనక చక్రాలతో నడిచేవి. ముందు చక్రాలు ఊరికే దొర్లుతాయి. లేని యాక్సిలు పోవడం కుందేటి కొమ్ము విరగడం వంటిది. నాలుగు చక్రాలకూ బలం అందే బండికి మాత్రం ఈ మతం గ్రాహ్యమే.

పరీక్షా విధానం: జాకీ పెట్టి చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాలి. ప్లే ఉంటే ఒకరిని బ్రేకు తొక్కమని మళ్ళీ ఊపాలి. ప్లే పోతే బేరింగు, పోకపోతే కింగ్‌పిన్ను. పక్కల పట్టుకుని ఊపినప్పుడే ఆడితే టైరాడ్ ఎండు. చక్రాన్ని చేత్తో తిప్పుతూ కమాను కట్ట మీద అరచెయ్యి ఆనిస్తే, బేరింగు గరగర చేతికే తెలుస్తుంది.

విశేషం: ఈ వ్యాధి మన తీరానికి ఎక్కువ. ట్రేల నుంచి కారే ఉప్పునీళ్ళు కింది భాగాల మీద పడతాయి. పైన సముద్రపు గాలి. గ్రీజు కొట్టుకుపోయి తుప్పు పడుతుంది, గ్రీజు నిపుల్స్ మూసుకుపోతాయి. అందుచేత సరుకు దించాక మంచినీళ్ళతో కింది భాగం కడగాలి. పాత నల్ల గ్రీజు బయటికొచ్చేదాకా కింగ్‌పిన్నుకు కొత్తది కొట్టాలి.

తాత్పర్యం: మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కావ్య వ్యాఖ్యాత మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. షెడ్డుకూ అదే నియమం. ఏ వైపు తిప్పితే, ఎంత వేగంలో, సరుకుతోనా ఖాళీగానా అన్న అన్వయం కుదిరాకే భాగానికి పేరు పెట్టాలి. వినకుండా సామాను మార్చడం వ్యాఖ్యానం కాదు, కవి పాఠాన్ని దిద్దడం.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని అన్వయించి చదివినవారికి ఒక్క బేరింగు మారును. చదవనివారికి జత మారును, కూత మిగులును.