ఒక కటకము ఆత్మకథ

నా వంశమునకు మూలపురుషుడైన కటకమును 1956లో జపాను దేశమున నికాన్ సంస్థవారు నిర్మించినది పువ్వులను చూచుటకు కాదు. చిక్కని గీతలతో కూడిన చీనా లిపి పుటలను, అక్షరము చెదరకుండ, మైక్రోఫిల్ముపై దించుటకు. ఆ వంశమున పుట్టిన నేను పల్నాటి సీమలో, నాగులేటి దాపునగల దాచేపల్లి చేలలో, ఒక బడిపంతులుగారి కెమెరాకు కన్నునై బ్రదుకుచున్నాను.

అద్దంకి–నార్కెట్‌పల్లి దారిని సిమెంటు లారీలు దద్దరిల్లజేయుచుండ, మా మాస్టారు గాలి లేవకమునుపే మిరపతోటలో బోర్లపరుండెదరు. ఏలయన మిరపపువ్వు తలవంచుకొని పూయును, దాని తెల్లని రేకుల నడుమనున్న నీలి ఊదా పుప్పొడితిత్తులు నేలకు చెక్కిలి ఆనించినవారికి గాని కానరావు. వస్తువును నిజప్రమాణమున చిత్రింపబూనితిమా, కెమెరా లోపలికి చేరు వెలుగు నాలుగవ వంతునకు పడిపోవును; అపెర్చరు ఎనిమిదిన నుంచినను స్పష్టముగా నిలుచు లోతు ఇంచుమించు ఒక్క మిల్లీమీటరే. ఆకు కదలినచో ఆ మిల్లీమీటరును పోయినట్లే.

పత్తిచేలలో నాకు మరింత వేడుక. వెన్నవన్నెతో విచ్చిన పువ్వు మరునాటికి గులాబివన్నెకు తిరుగును. అంతకన్న చూడదగినది ఆకు అడుగున, నడియీనెపైనుండు తేనెగ్రంథి. దానికై చీమలు బారులుతీరును. ఇంతటి విందు పువ్వునకు వెలుపల జరుగుచుండగా, పువ్వునే పొగడిన కవులపై నాకు కొంత కినుక.

ఒకనాడు గట్టుపై నిలిచిన రైతు, “పువ్వులో ఏముంది మాస్టారూ, కాయ తీయండి. గుంటూరు యార్డులో అడిగేది అదే గదా!” అనెను.

“కాయను చూసేవాళ్లు చాలామంది ఉన్నారులే బాబాయ్,” అని మాస్టారు నవ్విరి.

పువ్వులో ఏముండునో 2021లో జిల్లా యంతయు ఎరిగినది. ఇంచుమించు మిల్లీమీటరు పొడవుండు నల్లతామర పురుగులు మిరపపూతలో చేరి, పుప్పొడిని తిని, రసమును పీల్చి, పూలు పిందెకట్టకయే రాలిపోవునట్లు చేయగా, ఎందరో రైతులు నిలిచియున్న తోటలనే పీకివేసిరి. అంతవరకు నేను సౌందర్యమునకై వెదకిన లోతు ఎంతయో, ఆ పురుగు పొడవును అంతే.

నాటినుండి రైతులు తెల్లకాగితముపై పూలను తట్టి, రాలిన పురుగులను నాకు చూపుచున్నారు. పరుగులెత్తు ఆ నల్లని నలుసులను పట్టుటకు అపెర్చరు ఎనిమిది చాలదు, పదునారు వలయును. పదునారు పెట్టినచో వెలుగు చాలదు. అందుచేత మాస్టారు నా ప్రక్కన చిన్న ఫ్లాషు నొకదానిని బిగించినారు. దానితో నాకింకను స్నేహము కుదరలేదు.