కథను గోరవద్దు: పర్సుడీహీయ టీకాతాత్పర్య సహితము

అవతారిక

టాటానగర్ స్టేషనుకు ఒక పక్క జుగ్సలాయి, బిష్టుపూర్. పట్టాలకు అవతలి పక్క పర్సుడీహ్. వ్యాపారులకు మండీ వల్ల, రోగులకు సదర్ ఆస్పత్రి వల్ల తెలిసిన ఈ పేట పండితులకు మాత్రం దేనివల్లా తెలియదు. ఆ లోటు తీర్చడానికే ఈ టీక.

ఇక్కడ ఒకే వీధిలో సంతాలీ, హో, బెంగాలీ, ఒడియా, భోజ్‌పురీ, తెలుగు వినిపిస్తాయి. ఇంటికో భాష ఉన్నా వీధి మొత్తానికీ ఉమ్మడి కావ్యం ఒకటుంది. అది హిందీలోకి డబ్బింగయిన తెలుగు ఫైటు సినిమా. కడ్మాలో ఆంధ్ర అసోసియేషన్ ఉంది, బిష్టుపూర్‌లో ఆంధ్రభక్త శ్రీరామమందిరం ఉంది. అక్కడ మన భాషను మనం కాపాడుకుంటాం. ఇక్కడ ఫోను పట్టుకున్న కుర్రాళ్లు మన హీరోలను వాళ్ల సొంత హీరోలుగా దత్తత తీసుకున్నారు. దత్తపుత్రుడి గుణదోషాలు విచారించే బాధ్యత కన్నవారిదే కనుక, ఈ వ్యాఖ్యాత పూనుకున్నాడు.

మూలము

*ఆటవెలది*

కాలు లేచెనేని గాలిలో నిలుచును
కేక వేసెనేని కెమెర తిరుగు
ఒక్కడొక్కడగుచు నొరిగెడువారలే
కథను గోరవద్దు కదలు మింక

ఈ పద్యం ఏ తాళపత్రంలోనూ దొరకదు. వ్యాఖ్యాతే రాసుకున్నాడు. మల్లినాథుడికి కాళిదాసు దొరికాడు, అందరికీ దొరకడు.

ప్రతిపదార్థము

కాలు = నాయకుని కుడికాలు (ఎడమకాలు నిలబడ్డానికి); లేచెనేని = ఎత్తబడినచో; గాలిలో నిలుచును = దర్శకునికి తృప్తి కలిగేదాకా కిందికి దిగదు; కేక = నోటితో చేయు రీరికార్డింగు; కెమెర తిరుగు = నాయకుని చుట్టూ ప్రదక్షిణ చేయును; ఒక్కడొక్కడగుచు = వరస తప్పక, తోసుకోక; ఒరిగెడువారలే = దినభత్యమునకు వచ్చిన వీరులు; కథను = రచయితకు అడ్వాన్సు ఇచ్చిన సంగతిని; గోరవద్దు = అడుగరాదు; కదలుము ఇంక = స్టాండులో బండి తీసుకొనుటకు.

తాత్పర్యము

స్టైలుగా తీసిన యుద్ధవిద్యల సినిమాలో కాలు అందంగా లేస్తుంది, కెమెరా అందంగా తిరుగుతుంది, శత్రువులు అందంగా పడతారు. ఎందుకు పడ్డారని మాత్రం అడగకూడదు.

విశేషములు

*గాలిలో నిలుచును.* సినిమా సెకనుకు 24 ఫ్రేములు. అదే తన్నును సెకనుకు 72 ఫ్రేముల చొప్పున తీసి 24 చొప్పున చూపిస్తే ఒక సెకను మూడు సెకన్లవుతుంది. ఈ మూడు సెకన్లలో నాయకుని పిక్క, చెమట బొట్టు, ప్రతినాయకుని దవడ వంకరపోవడం విడివిడిగా దర్శనమిస్తాయి. ఇందులో నిజమైన ఆకర్షణ ఉంది, కాదనకూడదు. మామూలు కంటికి దొరకని దేహవిద్య ఇలా దొరుకుతుంది. నడుము ఎక్కడ తిరిగింది, మడమ ఎక్కడ బిగిసింది, బరువు ఏ కాలినుంచి ఏ కాలికి మారింది అన్నీ కనిపిస్తాయి. ఏళ్ల తరబడి సాధన చేసినవాడి కాలుకూ, షూటింగు కోసం రెండు నెలలు నేర్చుకున్నవాడి కాలుకూ తేడా ఇక్కడే బయటపడుతుంది. 1999 నాటి ‘తమ్ముడు’లో పవన్ కల్యాణ్ సాధన చేసే పాటకు జనం ఊగిపోవడానికి కారణం ఇదే. వేళ్ల మీదుగా కార్లు పోతుంటే అక్కడ చూపించింది స్టైలును కాదు, ఓర్పును.

అయితే గాలిలో నిలిచిన ప్రతి కాలుకూ ఆ గౌరవం దక్కదు. 1973 నాటి ‘ఎంటర్ ది డ్రాగన్’లో తన చెల్లెలి చావుకు కారకుడైన ఓహారా మీదికి బ్రూస్ లీ రెండు కాళ్లతో దూకుతాడు. చిత్రగతి మందగిస్తుంది. ఆ క్షణంలో కెమెరా కింద పడ్డవాణ్ణి చూపదు. లీ ముఖం మీదే ఉండిపోతుంది. పళ్లు బిగిసి, కళ్లు పగిలి, గెలిచినవాడి ముఖం ఏడుపుకి ఇంత దగ్గరగా ఉంటుందా అనిపిస్తుంది. అక్కడ మూడు సెకన్లు సాగదీసింది కాలు కోసం కాదు, చెల్లెలి కోసం. మనవాళ్లు ఆ మందగతిని తెచ్చుకున్నారు, చెల్లెలిని అక్కడే వదిలేశారు.

*కెమెర తిరుగు.* 1999లో వచ్చిన ‘ది మ్యాట్రిక్స్’ వాళ్లు నటుల చుట్టూ స్టిల్ కెమెరాలు వరసగా పేర్చి, కాలాన్ని ఆపి మనిషి చుట్టూ తిరిగారు. ఆ సినిమాలో లోకమే కల్పన కనుక అది చెల్లింది. మనకు మాత్రం కొబ్బరితోటలో కొట్టుకున్నా, చేపల మార్కెట్లో కొట్టుకున్నా కెమెరాకు ప్రదక్షిణ తప్పదు. మొక్కున్నట్టుంది.

*ఒక్కడొక్కడగుచు.* ఇరవైమంది కత్తులతో చుట్టుముట్టి, ఒక్కొక్కడే వచ్చి దెబ్బ తిని పోతుంటే ప్రేక్షకుడు నవ్వుతాడు. అజ్ఞానం. అభిమన్యుణ్ణి అందరూ కలిసి ఒకేసారి కమ్ముకున్నందుకు కౌరవపక్షం ఈనాటికీ అపకీర్తి మోస్తోంది. తెలుగు విలన్ మనుషులు ఆ అధర్మం ఎన్నడూ చేయలేదు. తమ వంతు వచ్చేవరకు వెనక నిలబడి చిందులు వేస్తూ ధర్మయుద్ధం చేస్తారు. ఈ చిక్కును 2009లో ‘మగధీర’ తీర్చిన పద్ధతి గుర్తించదగినది. వందమందిని పంపిస్తూనే, వాళ్లు రావాల్సిన దారిని ఇరుకు చేశారు. ఒక్కడొక్కడే రాకతప్పదు. స్టైలుకు కారణం కట్టి ఇవ్వడమంటే ఇదే.

పూర్వపక్షము

ఇక్కడ మేనల్లుడు అడ్డుపడ్డాడు. “ఏటి మావయ్యా, ఫైటు చూడ్డానికి వెళ్లినోడికి కథెందుకు? నువ్వు అవధానానికెళ్లి ఫైటెప్పుడని అడుగుతావా?”

ప్రశ్న బలమైనదే. ఇతని వాదం ఇది: నృత్యానికి కథ లేకపోయినా నృత్తమని పేరుపెట్టి పూజిస్తాం, యుద్ధానికి కథ లేకపోతే మాత్రం ఎందుకు తిడతాం? అందమైన దేహం అందంగా కదిలితే అదే చాలదా?

చాలును, పాట ఉన్నంతసేపు. నృత్తంలో ఎవరూ గాయపడరు. తన్ను అలా కాదు, ఒకరికి తగలాలి. తగిలినవాడు ఎవడో, ఎందుకు తగిలిందో తెలియకపోతే రెండో తన్ను మొదటి తన్నుకు నకలవుతుంది. మూడో తన్నుకు ప్రేక్షకుడు ఫోను తీస్తాడు.

సిద్ధాంతము

నాట్యశాస్త్రంలో భరతముని వృత్తుల (నాటక శైలుల) పుట్టుక చెబుతూ ఒక పోరాటం వర్ణించాడు. సముద్రం మీద, బ్రహ్మ చూస్తుండగా, మధుకైటభులనే రాక్షసులు విష్ణువు మీదికి దూకారు. ఆయన అడుగు బరువుకు, మాటకు భారతీవృత్తి పుట్టింది. శార్ఙ్గమనే విల్లు ఎత్తితే సాత్వతి. ఉద్ధతంగా తలపడితే ఆరభటి. ఆ హోరులోనే ఆయన అంగహారాలతో ఒయ్యారంగా సిగ ముడుచుకుంటే కైశికి పుట్టిందట. అంటే లోకంలో మొట్టమొదటి స్టైలిష్ యాక్షన్ దృశ్యం అదే. ఈనాటి హీరో తన్నేముందు కాలరు సవరించుకున్నా, మెడ మీద చెయ్యి వేసి నిమురుకున్నా ఆ సిగముడి సంప్రదాయమే. కాబట్టి స్టైలు పరాయిది, హాంకాంగ్ సరుకు అనేవాళ్లు నోరు మూసుకోవాలి.

ఆ ముని అంతటితో ఊరుకోలేదు. రంగం మీద ఆయుధం ప్రయోగించడానికి నాలుగు న్యాయాలు చెప్పాడు. భారతంలో దెబ్బ నడుముకు, సాత్వతంలో పాదానికి, వార్షగణ్యంలో రొమ్ముకు, కైశికంలో తలకు. తలకు తగిలే ఎత్తయిన తన్ను అన్నిటికన్నా స్టైలైనదని పర్సుడీహ్ కుర్రాడికి ఎవరూ చెప్పకుండానే తెలుసు. కానీ నిజంగా కొట్టవద్దనీ, నెత్తురు కారనివ్వవద్దనీ ముని హెచ్చరించాడు. అభినయంతోనే దెబ్బ తెలియాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ సిగముడి ఎందుకు శోభించింది? బ్రహ్మ ప్రాణభయంతో చూస్తున్నాడు గనుక. రాక్షసులు లేకుండా, బ్రహ్మ లేకుండా, ఖాళీ సముద్రం మీద విష్ణువు సిగ ముడుచుకుంటే దాన్ని తల దువ్వుకోవడం అంటారు. స్టైలుకు తన సొంత కాళ్లుండవు. ఎవరికో ఏదో పోతుందన్న భయం మీద అది నిలబడుతుంది.

ఉదాహరణము, ప్రత్యుదాహరణము

ఒకే దర్శకుని రెండు సినిమాలే ఇందుకు సాక్ష్యం. 2003లో పూరి జగన్నాథ్ ‘అమ్మ నాన్న ఓ తమిళమ్మాయి’ తీశారు. రవితేజ కిక్‌బాక్సరు. తల్లి జయసుధ ఒంటిచేత్తో పెంచింది. ఆమె చనిపోతూ కొడుకును విశాఖలో ఉన్న తండ్రి దగ్గరికి పొమ్మంటుంది. ఆ తండ్రి ప్రకాశ్‌రాజ్, ఒకప్పటి కిక్‌బాక్సింగ్ ఛాంపియన్, తమను వదిలేసి పోయినవాడు. ఇక కొడుకు రింగులోకి దిగి ఎవణ్ణి తన్నినా ఆ తన్ను రెండు చోట్ల తగులుతుంది: ఎదుటివాడి దవడకు ఒకటి, తండ్రి గుండెకు ఒకటి. అందులో కెమెరా గొప్పగా తిరిగిందని ఎవరూ అనలేదు. అయినా సినిమా బ్రహ్మాండంగా ఆడింది. మరుసటి ఏడే తమిళంలో ‘ఎం. కుమరన్ సన్ ఆఫ్ మహాలక్ష్మి’గా మళ్లీ పుట్టింది.

పందొమ్మిదేళ్లకు, 2022 ఆగస్టు 25న, అదే దర్శకుడు ‘లైగర్’ తెచ్చారు. ఈసారి కిక్‌బాక్సింగ్ కాదు, మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్. తల్లి రమ్యకృష్ణ, కొడుకు విజయ్ దేవరకొండ. ముంబైలో టీ అమ్ముకుంటూ ఛాంపియన్ కావాలని కల. థాయ్‌లాండ్ నుంచి కేచా వచ్చి ఫైట్లు కూర్చాడు. విజయ్ దేవరకొండ ఒళ్లు చెక్కుకున్న తీరు చూస్తే శ్రమ తెలుస్తుంది. ఆ శ్రమను ఎగతాళి చేయడం పాపం.

పర్సుడీహ్‌లో ఈ సినిమాకు ప్రత్యేకమైన రుచి ఉంది. తెలుగులో ఆ తల్లీకొడుకులు కరీంనగర్ నుంచి ముంబై పోతారు. హిందీలో బనారస్ నుంచి. అదే తల్లి, అదే టీ, ఊరు మాత్రం భాషతోపాటు మారిపోతుంది. తాతల నాడు పని కోసం ఈ ఉక్కు ఊరికి వచ్చి, మీదే ఊరని ఎవరైనా అడిగితే రెండు జవాబులు దగ్గర పెట్టుకునే మనవాళ్లకు ఇది కొత్త కాదు. పొట్ట చేతపట్టుకుని పరాయి ఊరు పోయిన తల్లి పౌరుషం చాలు, సినిమా నిండా పేలడానికి. పైగా కొడుక్కి నత్తి. మాట తడబడినవాడికి దేహమే నోరు. ప్రతి తన్నూ అతను చెప్పలేకపోయిన ఒక వాక్యం కావచ్చు. ఇంతకన్నా మంచి సరంజామా ఏ దర్శకుడికి దొరుకుతుంది?

దొరికింది, దారిలో జారిపోయింది. నత్తి చాలాచోట్ల నవ్వుకు పోయింది. తల్లి పౌరుషం అరుపుకు పోయింది. ప్రేమకథ ఎందుకు వచ్చిందో, ఎందుకు తెగిందో ఆ జంటకే తెలియాలి. చివరికి లాస్ వెగాస్, మైక్ టైసన్. 1986లో ఇరవై ఏళ్లకే హెవీవెయిట్ ఛాంపియన్ అయిన మనిషి. ఆ తెర మీద దెబ్బ బరువు నిజంగా తెలిసినవాడు అతనే. అంతటివాణ్ణి పిలిపించి ప్రహసనంలో దొర్లించారు.

విద్యలోనూ ఒక తేడా ఉంది. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో సగం పోరు నేలమీదే సాగుతుంది. ఒకడి మెడ ఇంకొకడి మోచేతి మడతలో ఇరుక్కుని, ఊపిరి కోసం పెనుగులాడి, ఓడినవాడు అరచేత్తో రెండుసార్లు తట్టేసరికి ఆట ముగుస్తుంది. ఆ పట్టులో అందం లేదు, భయం ఉంది. స్టైలు సినిమాకు భయం పనికిరాదు కనుక పోరాటాన్ని మళ్లీ లేపి నిలబెడుతుంది, కాలు గాలిలోకి పంపుతుంది. ఆ విధంగా అసలు విద్యలో అసలు రుచి నేలమీదే ఉండిపోతుంది.

దేశ్య ప్రమాణము

ప్రమాణం కోసం హాంకాంగ్ దాకా పోనక్కర్లేదు. పర్సుడీహ్‌కు పొరుగు జిల్లా సరాయికేలా. అక్కడి ఛవూ నృత్యానికి పునాది పరిఖండ, అంటే డాలూ కత్తీ పట్టి చేసే సాము. 2010లో యునెస్కో ఛవూను వారసత్వ కళల జాబితాలో చేర్చింది. సరాయికేలా నర్తకుడి ముఖానికి ముసుగు ఉంటుంది. కన్నెర్ర చేసే వీలు లేదు, పంచ్ డైలాగు లేదు. మెడ ఒరిగిన కోణంలో, మోకాలు ఆగిన చోట కోపం, ప్రేమ, ఓటమి చెప్పాలి. ఆ అడుగుల్లో కొన్ని ఇంటిపనుల నుంచి, పేడ అలకడం వంటి కదలికల నుంచి పుట్టాయి. కత్తిసాముకూ వాకిలి అలకడానికీ సంబంధం కుదిర్చినవాళ్ల ముందు మన ఫైట్‌మాస్టర్లు ఒక పూట కూర్చుంటే మంచిది. యుద్ధం చేసే ఒళ్లు పనిచేసే ఒళ్లే. టీబండి తోసే చేతికీ గుద్దే చేతికీ ఒకే నరం ఉంటుంది. ‘లైగర్’ ఆ నరాన్ని పట్టుకునే దగ్గరికి వచ్చి, పట్టుకోలేదు.

మేనల్లుడు ఇదంతా విని, “అయితే ఇలాంటి సినిమా మళ్లీ వస్తే చూడవా?” అన్నాడు. చూడకేం, తప్పకుండా చూస్తాను. ఒక్క మంచి తన్ను కోసం రెండు గంటలు కూర్చునే ఓపిక రసికుడికి ఉండాలి. ఆ తన్ను ఎవరి తరఫున పడిందో అడిగే హక్కూ ఉండాలి.

ఫలశ్రుతి

ఈ టీక చదివి సినిమాకు పోయినవారికి ఫైట్లలో నిద్ర రాదు, పాటల్లో వస్తుంది. విన్న నిర్మాత టైసన్‌కు పంపే విమానం టిక్కెట్టు డబ్బులో కొంత రచయితకు ఇచ్చును. రాసుకున్న రచయిత తన్నుకు ముందు ఒక్క పేజీ కారణం రాయును. ఆ పేజీ చదివిన హీరో కోపగించును, కోపగించినా చేయును.

గద్య

ఇది టాటానగర రైల్వే పట్టాలకు దక్షిణదిశను వెలసిన పర్సుడీహ్ పురనివాసి, సకల డబ్బింగు చిత్రావలోకన ధురంధరుడు, ఉచితపాసు గ్రహీత కానివాడు రచించిన టీకయందు తన్ను ప్రకరణము సర్వము సంపూర్ణము. గుద్దు ప్రకరణము మేనల్లుడు టిక్కెట్టు కొనినపుడు.