దొంగసరుకు

నర్సీపట్నం అబీద్ సెంటర్ నుంచి బండి మీద కాస్త దూరం పోతే ఓ కాలేజీ వస్తుంది. పేరెందుకు లెండి. అక్కడి కంప్యూటర్ ల్యాబ్‌లో ఏ మెషీన్ మొరాయించినా నాకే ఫోన్ చేస్తారు.

ఆ కాలేజీలో ఫైనలియర్ కుర్రాడొకడు ఓ మంచిపని తలపెట్టాడు. చింతపల్లి వైపు నుంచి వచ్చి చదువుకునే పిల్లలకి ఫోన్లో రోజువారీ డేటాయే గతి. కొండెక్కితే అదీ సరిగ్గా అందదు. డెబియన్ డీవీడీ ఒక్కటే నాలుగు జీబీకి దగ్గర ఉంటుంది. అందుకని మూల పడున్న పాత మెషీన్‌ని దుమ్ము దులిపి, పెద్ద హార్డ్‌డిస్క్ వేయించి (వేసింది నేనే, డబ్బులింకా రావాలి), లినక్స్, లిబ్రే ఆఫీస్, జింప్, వీఎల్‌సీ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లన్నీ అందులో పెట్టాడు. ఎవరైనా పెన్‌డ్రైవ్ తెచ్చుకుని ఎక్కించుకుపోవచ్చు. వాటితోపాటే ఫైళ్లు పంచుకునే ట్రాన్స్‌మిషన్, క్యూబిట్‌టారెంట్ ప్రోగ్రాములు కూడా పెట్టాడు.

పేచీ అక్కడే వచ్చింది. ల్యాబ్ ఇన్‌ఛార్జి సార్ లిస్టు చదువుకుంటూ వచ్చి, ‘టారెంట్’ అన్న మాట దగ్గర ఠక్కున ఆగారు.

“ఇదేటి? సినిమాలు దొంగిలించే సాఫ్ట్‌వేర్ కాలేజీ సర్వర్‌లో పెడతావా?”

“ఇది కూడా ఓపెన్ సోర్సే సార్. డెబియన్ వాళ్లు, ఉబుంటు వాళ్లు తమ సరుకుని టారెంట్‌లో కూడా పంచుతారు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత పుస్తకాలకీ టారెంట్ ఉంటుంది.”

కుర్రాడు అక్కడితో ఆగలేదు. అదెలా పనిచేస్తుందో చూపిస్తానని పక్కనున్న మెషీన్ ముందు కూర్చున్నాడు. ఫైలు ముక్కలు ముక్కలుగా దిగుతోంది. వచ్చిన ప్రతి ముక్కనీ అది సరిచూసుకుంటుంది, తేడా ఉంటే పారేసి మళ్లీ తెచ్చుకుంటుంది. ఈలోగా కరెంటు పోయింది. మా ఊళ్లో అదేం వింత కాదు. వచ్చాక అది ఆగిన చోటి నుంచే మళ్లీ అందుకుంది. ల్యాబ్‌లో అన్ని మెషీన్లకీ ఒకేసారి లినక్స్ ఎక్కించాలన్నా, ఒకదాని దగ్గరున్న ముక్కని పక్కది తీసుకుంటుంది కాబట్టి బయటి లైను మీద అంత భారం పడదన్నాడు. 2001లో బ్రామ్ కోహెన్ రాసిన బిట్‌టారెంట్ కిటుకు అంతా అదే.

సార్ తక్కువ తిన్నవారేం కాదు. “మన నర్సీపట్నం వైపు నుంచి వెళ్లి పూరి జగన్నాథ్ అంత పెద్ద డైరెక్టరయ్యాడు. అలాంటివాళ్ల కష్టాన్ని మీరు ఫోన్లో ఉత్తినే చూసేస్తారా? 2013లో ‘అత్తారింటికి దారేది’ రిలీజవ్వకుండానే సగం సినిమా బయటికొచ్చేసింది, మర్చిపోయావా?”

“అది టారెంట్ వల్ల బయటపడలేదు సార్. లోపలి మనిషి చేతి మీదుగా డిస్కు బయటికొచ్చింది. పెడనలో సీడీలేసి అమ్మారు.”

“మరి కోర్టులు టారెంట్ సైట్లు ఎందుకు మూయించాయి?”

“2012లో ‘3’, ‘దమ్ము’ సినిమాల కోసం మద్రాస్ హైకోర్టు ఆర్డరిస్తే, నెట్ కంపెనీలు విమియోతో సహా దొరికిందల్లా మూసేశాయి సార్. తర్వాత జూన్‌లో అదే కోర్టు, సైటు మొత్తం కాదు, దొంగ కాపీ ఉన్న లింకు మాత్రమే ఆపమంది.”

నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని వింటున్నాను. ఈ తగువు మా ఊళ్లో పుట్టింది కాదు. ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు పంచే సోర్స్‌ఫోర్జ్ సైటులో ఒకప్పుడు జనం ఎగబడి దించుకున్నవాటిలో ఈమ్యూల్, అజూరియస్ ఉండేవి. రెండూ ఫైళ్లు పంచుకునే ప్రోగ్రాములే. సోర్స్‌ఫోర్జ్ వాటిని గెంటెయ్యలేదు. 2005లో అమెరికా సుప్రీంకోర్టు, అలాంటి ప్రోగ్రామే అందించిన గ్రోక్‌స్టర్ కంపెనీ కేసులో, ‘రండి, పాటలు ఉత్తినే దోచుకోండి’ అన్నట్టు జనాన్ని ఊరించి వ్యాపారం చేసినవాడిదే తప్పని తేల్చింది. పనిముట్టు చేతికివ్వడం ఒకటి, దొంగతనానికి పురమాయించడం ఇంకొకటి. కుర్రాడు పెట్టింది పనిముట్టు. ఒక్క సినిమా లింకు కూడా పెట్టలేదు. నా మటుకు నాకు అతనిదే న్యాయమనిపించింది. అయితే ఏదైనా కేసైతే ముందు తన పేరే వస్తుందన్న సార్ భయమూ ఉత్తదేం కాదు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, పైరసీకి మూడేళ్ల దాకా జైలు పెట్టారు మరి.

“లా పాయింట్లు తర్వాత చూద్దాం. ముందు తీసెయ్,” అన్నారు సార్.

కుర్రాడు మారుమాట్లాడకుండా రెండూ తీసేశాడు.

ఆ సాయంత్రమే సర్క్యులర్ వచ్చింది. ‘లైసెన్సు లేని సాఫ్ట్‌వేర్ వాడుట నేరము. పైరసీకి తావిచ్చు ఏ ప్రోగ్రామూ ల్యాబ్‌లో ఉంచరాదు. అతిక్రమించినవారిపై కఠిన చర్య తీసుకొనబడును.’ ప్రింటర్లో టోనర్ అయిపోయింది. అందుకని సార్ తన మానిటర్‌నే ఫోన్‌తో ఫోటో తీసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పడేశారు. తెర మొత్తం పడింది. కింద కుడివైపు మూల, బూడిద రంగు అక్షరాలతో ‘యాక్టివేట్ విండోస్’ అని కూడా పడింది.

గ్రూపులో ఒక్కరూ నోరెత్తలేదు. ‘ఓకే సార్’లు, దణ్ణాలు వరసగా వచ్చాయి. ఎవడో గడుగ్గాయి మాత్రం ఫోటోలో ఆ మూల ముక్కని కత్తిరించి స్టేటస్ పెట్టుకున్నాడు. పైన ఒక్క మాట కూడా రాయలేదు.

మర్నాడు పొద్దున్నే నాకు సార్ నుంచి ఫోన్. “ఏమయ్యా, ఓసారి వచ్చి పో. తెర మీద ఏవో అక్షరాలు పడి పరువు తీసేస్తున్నాయి.”

వెళ్లి చూసి చెప్పాను. “విండోస్ కొనాలి సార్. లేదంటే లినక్స్ వేసుకుంటే పైసా ఖర్చుండదు. ఆ కుర్రాడిని పిలిస్తే అరగంటలో ఎక్కిస్తాడు.”

“వాడినెందుకులే. కొందామంటే ప్రిన్సిపాల్ గారు శాంక్షన్ చెయ్యరు.”

సార్ లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. గొంతు తగ్గించారు.

“క్రాక్ అని ఏదో ఉంటుందటగా. నిన్న వాడిచేత తీయించానే, అదే, టారెంట్... అందులో దొరుకుతుందంటున్నారు. నీ షాపులో దించి పెన్‌డ్రైవ్‌లో పట్రా. సర్క్యులర్ పిల్లలకే. నువ్వు బయటివాడివి కదా, నీకు వర్తించదు.”

ఆ ల్యాబ్‌లో పిల్లలు వాడే మెషీన్లన్నీ లినక్స్ మీదే నడుస్తాయి. మొత్తం మీద లైసెన్సు లేని మెషీన్ సార్ టేబుల్ మీదున్నదొక్కటే.