బెల్లానికి పచ్చబొట్టు

దేశమంతా పేరున్న అనకాపల్లి బెల్లం మార్కెట్‌కి కూతవేటు దూరంలోని ఫ్లాట్‌కి ఆన్‌లైన్ పార్సిల్ దిగింది.

లోపల ఏముంది? ఆర్గానిక్ బెల్లం పొడి!

అట్టపెట్టె. అందులో బుడగల ప్లాస్టిక్. అందులో జిప్పు కవరు. అందులో ‘అచ్చమైన ప్రకృతి’.

కవరు మీద ఆకుపచ్చ గడి, గడిలో ఆకుపచ్చ చుక్క. శాకాహారమేనట. హమ్మయ్య! చెరకు ఏ జంతువోనన్న అనుమానంతోనే ఇన్ని సంక్రాంతుల అరిసెలు తిన్నాం.

‘కొలెస్ట్రాల్ లేదు’ అని కూడా అచ్చేశారు. ఉప్పులోనూ లేదు లెండి. ఉప్పు కంపెనీలింకా చూసుకున్నట్టు లేదు.

రైతు దిమ్మ నల్లగా ఉంటే ‘రంగు లేదు’ అని ధర కోత. హైడ్రోస్ అనే రసాయనం కలిపి మెరిపిస్తే ‘ఆహా’. ఆ నలుపే కవర్లోకి ఎక్కితే ‘కెమికల్ ఫ్రీ’.

నల్లబెల్లం బస్తాల్లో పోతే ఎక్సైజు వాళ్లు ‘సారాకా?’ అంటారు. కవర్లో పోతే పక్కింటివాళ్లు ‘షుగరుకా?’ అంటారు.

కొన్నాయన రివ్యూ కూడా రాశాడు. మూడు స్టార్లే ఇచ్చాడు పాపం.

‘అంతా బాగుంది గానీ, కాస్త తీపి ఎక్కువైంది.’