మౌస్ ముట్టకండి

దూరదేశంలో కూర్చుని ఊళ్లో అమ్మానాన్నల కంప్యూటర్ బాగుచేసే పిల్లల కోసం ఈ సలహాలు. కంప్యూటర్ పని తెలిసినవాళ్లు వీటిని తప్పంటారు. పది నిమిషాల్లో తేలే పనికి గంట పట్టించమంటున్నాను మరి. అయినా అలాగే చేయమంటాను.

అన్నిటికంటే ముందు, మౌస్ ముట్టకండి. దూరం నుంచి కంప్యూటర్ నడిపించే ఎనీడెస్క్ యాప్‌లో అవతలివాళ్లు ‘యాక్సెప్ట్’ నొక్కే విండోలోనే కీబోర్డు, మౌస్ అప్పగించే అనుమతి కనిపిస్తుంది. దాన్ని తీసేయించండి. మైక్రోసాఫ్ట్ వాళ్ల క్విక్ అసిస్ట్ ఇంకా నయం. మొదట తెర మాత్రమే చూపిస్తుంది, కంట్రోల్ కావాలంటే మీరు విడిగా అడగాలి. అడగొద్దు. “నాన్నా, కింద ప్రింటర్ బొమ్మ ఉంది చూడండి, దాని మీద ఒక్కసారి నొక్కండి” అని నోటితో చెప్పండి. ఆయన రెండుసార్లు నొక్కుతారు, ఇంకేదో తెరుచుకుంటుంది. దాన్ని కూడా ఆయన చేతే మూయించండి. డాలస్‌లో రాత్రి తొమ్మిదంటే వేసవిలో గుంటూరులో మర్నాడు పొద్దున ఏడున్నర. ఆయనకు బోలెడు తీరిక, నిద్ర ముంచుకొచ్చేది మీకే. ఓర్చుకోండి.

ఎందుకింత పట్టుదల అంటే, తెర మీద బాణం గుర్తు తనంతట తాను తిరుగుతుంటే చూస్తున్న మనిషికి ఒక్కటే అలవాటవుతుంది: చేతులు కట్టుకుని కూర్చోవడం. దొంగకు కావలసింది సరిగ్గా అదే. 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఎనీడెస్క్ పేరు చెప్పి మరీ బ్యాంకులను హెచ్చరించింది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామంటూ ఫోన్ చేయడం, ఆ యాప్ వేయించడం, తొమ్మిదంకెల కోడ్ చదివించుకోవడం, అనుమతులన్నీ నొక్కించి యూపీఐలోంచి డబ్బు లాగేయడం. ఆ సాఫ్ట్‌వేర్‌లో లోపమేమీ అక్కర్లేదు. మీరు సాయం చేయడానికి వాడే దారినే వాడూ వస్తాడు. కొడుకు చేతిలో నోరెత్తకుండా ‘యాక్సెప్ట్’ నొక్కడం నేర్చిన తండ్రి, అపరిచితుడి మాటకూ అలాగే నొక్కుతాడు.

కాబట్టి మీ మాట వినకపోవడం నేర్పండి. పని సగంలో ఉండగా “ఇప్పుడు నన్ను కట్ చెయ్యమ్మా” అనండి. ఏ బటన్ నొక్కితే తెగిపోతుందో ఆమె వేలికి అలవాటు కావాలి. మీరే ఫోన్ చేసి కోడ్ అడిగినా చెప్పొద్దనండి. పెట్టేసి, తన దగ్గరున్న మీ నంబరుకు తనే తిరిగి చేయాలి. కన్నకొడుకును అనుమానించడమేమిటని ఆమె నొచ్చుకుంటుంది. నొచ్చుకోనివ్వండి, నియమం మాత్రం సడలించకండి. పొరపాటున డబ్బు పోతే మీకంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని కూడా చెప్పి ఉంచండి. మీతో మాట్లాడుతూ గడిపే ప్రతి నిమిషం డబ్బు చేతులు మారడానికి పనికొస్తుంది.

అవతల ఎవరూ లేకపోయినా లోపలికి వెళ్లేలా శాశ్వత పాస్‌వర్డ్ పెట్టుకునే సౌకర్యం ఉంది. పెట్టుకోకండి. మీరు వచ్చిన ప్రతిసారీ వాళ్లు తలుపు తీయాలి. క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్‌తో సాయం చేస్తుంటే ఇంకా కొనసాగించాలా అని మధ్యమధ్య వాళ్లను అడుగుతుంది, ఆ అడ్డంకి నాకెంతో ఇష్టం. క్విక్ అసిస్ట్‌లో విండోస్ అనుమతి అడిగే చోట మీ వైపు తెర నల్లబడుతుంది. దాన్ని తప్పించే సెట్టింగ్ కోసం వెతక్కండి. ఆ కాసేపు తెర మీద ఏముందో ఆయనే పైకి చదివి వినిపించాలి, నొక్కాలో వద్దో ఆయనే తేల్చుకోవాలి.

బ్యాంకు పని ఉంటే కనెక్షన్ తెంపించాకే చేయమనండి, చూస్తున్నది మీరే అయినా సరే.

శుభ్రం చేసే ఆత్రం కూడా మానుకోండి. డెస్క్‌టాప్ నిండా ఫైళ్లు పరచి ఉంటాయి, ఒక్కోదానికి మూడేసి నకళ్లు. ముట్టుకోవద్దు. రిటైరైన తెలుగు మాస్టారి కంప్యూటర్లో అను ఫాంట్లు కనిపిస్తే పాతచెత్త అని తీసేసే పిల్లలుంటారు. అవి యూనికోడ్ కావు. ఫాంట్ పోతే ఆయన ఏళ్ల తరబడి టైపు చేసుకున్న వ్యాసాలన్నీ అర్థంలేని గుర్తులైపోతాయి. ఆ మూడు నకళ్లలో ఏది అసలుదో ఆయనకు తెలుసు, మీకు తెలియదు.

పనయ్యాక కనెక్షన్ ఆయన చేతే తెంపించండి. ప్రింటర్ కోసం ఏమేం నొక్కారో ఆయన దస్తూరితోనే, ఆయన మాటల్లోనే నోటుపుస్తకంలో రాయించండి. ‘డివైస్’ అని కాకుండా ‘రెండో బొమ్మ’ అని రాసుకుంటే అలాగే ఉండనివ్వండి. వచ్చే నెల మళ్లీ ప్రింటర్ మొరాయిస్తే ముందు ఆ పుస్తకం తీయమనండి. అందులో దొరక్కపోతేనే మీకు ఫోన్ చేయాలి.