సైక్లోక్రాస్ ఆసామి

సైక్లోక్రాస్ ఆసామి అంటే బురద పందేల కోసం పుట్టిన సైకిలును, అలాంటి పందెం ఒక్కటైనా కళ్ళారా చూడకుండా, ఫోనులో బొమ్మ చూసి తగ్గింపు ధరకు తెప్పించుకున్న మనిషి. పెద్ద నగరాల్లో ఇతను సాటివాళ్ళ గుంపులో కలిసిపోతాడు కనుక లక్షణాలు సరిగా తెలియవు. పరిశీలనకు అనువైన చోటు కోలారు జిల్లా మాలూరు. బెంగళూరు–చెన్నై రైలుదారి మీద ఉన్న ఈ తాలూకా కేంద్రం చుట్టూ ఇటుక బట్టీలు, పెంకుల ఫ్యాక్టరీలు, పారిశ్రామిక వాడ, నీలగిరి తోపులు, టొమాటో తోటలు, చెరువులు ఉంటాయి. ఇక్కడ ఆఫీసు కన్నడంలో, చాలా ఇళ్ళు తెలుగులో, సంత రెండింటిలోనూ నడుస్తాయి. కాబట్టి ఆసామికి సలహాలు కూడా రెండు భాషల్లోనూ అందుతాయి.

ఇతను సాధారణంగా ముప్ఫై దాటి, యాభై అందుకోని వయసువాడు. పారిశ్రామిక వాడలో షిఫ్టు సూపర్‌వైజరో, బడిపంతులో, పొద్దున్నే రైలెక్కి బెంగళూరు వెళ్ళి రాత్రికి ఇల్లు చేరే ఉద్యోగో అయి ఉంటాడు. డాక్టరు నడవమంటాడు. నడకకు సామాన్లు కొనే వీలు లేదు గనుక ఆ సలహా ఇతనికి నచ్చదు.

మనిషి తెలియాలంటే ముందు ఆట తెలియాలి. ఫ్రాన్సు, బెల్జియం ప్రాంతాల్లో రోడ్డు పందేలవాళ్ళు చలికాలంలో ఒళ్ళు బద్ధకించకుండా పొలాలకూ కంచెలకూ అడ్డంపడి తొక్కడంతో 1900 ప్రాంతంలో సైక్లోక్రాస్ మొదలైంది. డానియల్ గూసో అనే ఫ్రెంచి సైనికుడు 1902లో మొదటి జాతీయ పోటీ పెట్టించాడు. 1910లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఒక్తావ్ లాపీజ్ తన గెలుపులో ఈ చలికాలపు సాధనకూ వాటా ఉందనడంతో ఆటకు పేరొచ్చింది. మొదటి ప్రపంచ పోటీ 1950లో పారిస్‌లో జరిగితే జాన్ రోబిక్ గెలిచాడు. పందెం సుమారు గంటసేపు సాగుతుంది. దారి పొడవునా బురద, ఇసుక, మెట్లు, 40 సెంటీమీటర్ల ఎత్తు దాకా చెక్క అడ్డాలు ఉంటాయి. తొక్కలేని చోట దిగి, సైకిలును భుజానికెత్తుకుని పరుగెత్తాలి. అందుకే భుజానికి గుచ్చుకునే వైర్లు బారు కింద ఉండవు. మట్టి ఇరుక్కోకుండా చక్రానికీ ఫోర్కుకూ మధ్య ఖాళీ ఎక్కువ వదులుతారు. అంతర్జాతీయ నిబంధన ప్రకారం టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు. స్టాండు, క్యారియర్, మడ్గార్డు, బెల్లు ఏవీ ఉండవు. మాలూరులో దేన్నైనా సైకిలు అనాలంటే ముందుగా చూసేవి సరిగ్గా ఈ నాలుగే.

కొనుగోలు రాత్రి పదకొండు దాటాక, ఇంట్లో అందరూ పడుకున్నాక జరుగుతుంది. నిజమైన పందెపు సైకిలు కార్బన్ చట్రంతో లక్షల్లో ఉంటుంది. ఆసామికి అందేది ఇనుప చట్రమో అల్యూమినియం చట్రమో ఉండి, వెనక ఏడు గేర్లు, వైరుతో లాగే డిస్క్ బ్రేకులు ఉన్న ఇరవై వేల రూపాయల సరుకు. దాని టైర్లు తరచు 38 మిల్లీమీటర్లు ఉంటాయి గనుక నిజం పందేనికి తీసుకెళ్తే గీత దగ్గరే ఆపేస్తారు. కానీ మాలూరు సంతలో టైరు కొలిచే అధికారి లేడు. తెర మీద ఒక పెద్ద ధర కొట్టేసి, దాని కింద చిన్న ధర ఉంటుంది. రెండింటి మధ్య తేడాను ఆసామి ఆదాయంగా లెక్కేస్తాడు. ఇరవై వేలు ఖర్చయిందని ఎక్కడా అనడు, పదిహేను వేలు మిగిలాయంటాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఆ ఏడు శాతాన్ని కూడా తన చాకచక్యం ఖాతాలోనే రాసుకున్న ఆసాములున్నారు.

సరుకు పొడవాటి అట్టపెట్టెలో, 85 శాతం బిగించిన స్థితిలో వస్తుంది. మిగిలిన పదిహేను శాతంలో హ్యాండిలు, ముందు చక్రం, సీటు, పెడళ్ళు, దాంపత్య శాంతి ఉంటాయి. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చోగా ఆసామి వీడియో చూస్తూ బిగింపు మొదలుపెడతాడు. ఎడమ పెడలు మరకు ఎదురు తిప్పుడు ఉంటుంది. తొక్కే ఊపుకు ఊడిపోకుండా చేసిన ఏర్పాటది. ఈ సంగతి వీడియోలో ఎనిమిదో నిమిషంలో చెబుతారు. ఆసామి నాలుగో నిమిషంలోనే దాన్ని కుడి పెడలులాగే బలంగా బిగించేస్తాడు. ఉక్కు మర అల్యూమినియం మరను తినేస్తుంది. కొందరు ముందు ఫోర్కును వెనక్కి తిప్పి బిగించి, అదే ఈ మోడలు ప్రత్యేకత అని నెల రోజులు నమ్ముతారు. చివరికి సైకిలు బస్టాండు దగ్గరి షాపుకు చేరుతుంది. షాపాయన దాన్ని అటూ ఇటూ చూసి, “ఇది ఎవురప్పా బిగించింది?” అని అడుగుతాడు. “కంపెనీవాళ్ళన్నా” అని ఆసామి జవాబిస్తాడు.

వీధిలోకి వచ్చిన మొదటి వారం ప్రశ్నల వారం. వాటి వరస ఎక్కడా మారదు: ఎంతపడిండాది, గేర్లెన్ని, స్టాండు లేదా, బ్యాటరీ యాడుండాది. మొదటి ప్రశ్నకు ఆసామి దగ్గర మూడు జవాబులుంటాయి. ఇంట్లో చెప్పే ధర అసలుకంటే తక్కువ, వీధిలో చెప్పేది అసలు ధర, బెంగళూరు ఆఫీసులో చెప్పేది అసలుకంటే ఎక్కువ. ఈ మూడు రకాలవాళ్ళూ ఒకచోట కలిసే పెళ్ళిళ్ళకు ఇతను సైకిలు మీద వెళ్ళడు. పెద్దవాళ్ళ మాట ఒక్కటే: “ఈ దుడ్డుకి సెకండ్‌హ్యాండ్ ఎక్సెల్ వచ్చేది కదప్పా.” ఎక్సెల్ మోపెడ్ కంపెనీ ఫ్యాక్టరీ ఉన్న హోసూరు మాలూరుకు పక్కనే ఉండడంవల్ల ఈ వాదానికి బలం ఎక్కువ.

తర్వాతిది ఒంటి సమస్య. ఆన్‌లైన్‌లో చొక్కా కొన్నట్టే సైకిలుకూ ఎస్, ఎం, ఎల్ అని కొలతలుంటాయి. స్టాకులో ఎల్ మాత్రమే ఉంటే, ఆసామి తన ఎత్తును దానికి తగ్గట్టు అంచనా వేసుకుంటాడు. కిందికి వంగిన కొమ్ముల హ్యాండిలు అందుకోవడానికి బొక్కబోర్లా పడుకోవాలి. పది రోజులకు నడుము పట్టేస్తుంది. అప్పుడు చాలామంది హ్యాండిలును పైకి తిప్పి బిగిస్తారు. నడుముకు సుఖం దొరుకుతుంది గానీ బ్రేకులు ఆకాశం వైపు తిరిగి, కుక్క అడ్డొచ్చినప్పుడు చేతికి అందవు.

గాలి సంగతి వేరే అధ్యాయం. మన నల్ల సైకిలు వాల్వు డన్‌లప్ రకం, లోపల రబ్బరు వాల్‌ట్యూబు ఉంటుంది. మోటారు సైకిలుది ష్రేడర్ రకం. ఆసామి చక్రాలకు తరచు వచ్చేది సన్నటి ప్రెస్టా రకం. దాని తల మీది చిన్న నట్టును వదులు చేసి, ఒకసారి నొక్కి, అప్పుడు గాలి పట్టాలి. షాపులోని కుర్రాడికి అది విరిగిన ముక్కలా కనిపిస్తుంది, పీకి చూస్తాడు. ఆసామి ఇత్తడి అడాప్టరు తెప్పిస్తాడు. దాని ధరకంటే కొరియరు ఖర్చే ఎక్కువ. అడాప్టరు లేకుండా ఇల్లు దాటడం అతనికి చొక్కా లేకుండా దాటడంతో సమానం. టైరు చిరిగితే కష్టం ఇంకా పెద్దది. నల్ల సైకిలు రిమ్ముకు టైరు కూర్చునే చోట వ్యాసం 635 మిల్లీమీటర్లు, దీనిది 622. పదమూడు మిల్లీమీటర్ల తేడా కోసం మళ్ళీ ఫోను తెరవాలి, మళ్ళీ వారం ఆగాలి.

డిస్క్ బ్రేకు కీచుమంటుంది. చవక రకాల్లో ఒక పక్క ప్యాడు మాత్రమే కదిలి, పళ్ళేన్ని రెండో ప్యాడు మీదికి నెడుతుంది. సరిచేయడం ఓపికతో కూడిన పని. ఆ ఓపిక లేని మావయ్య ఎవరో ఒకరు ప్రేమకొద్దీ పళ్ళేనికి కొబ్బరినూనె రాస్తారు. శబ్దం వెంటనే ఆగిపోతుంది. సైకిలు మాత్రం ఆగదు. ప్యాడ్లు నూనె పీల్చుకున్నాక కడిగినా సాధారణంగా లాభముండదు, మార్చాల్సిందే.

ఇక దారులు. ఆదివారపు సవారీకి వాడుకలో ఉన్న దిక్కులు మూడు: చిక్కతిరుపతి వెంకటరమణ గుడి, టేకల్ రాతిగుట్టలు, 1983 జ్ఞానపీఠ గ్రహీత మాస్తి వెంకటేశ అయ్యంగార్ పేరులో ఉన్న మాస్తి గ్రామం. మొదటి దారి ఇంట్లో అనుమతికి, రెండోది ఫొటోలకు, మూడోది ఫొటో కింద రాసే మాటలకు పనికొస్తాయి. తాలూకాలో అన్నింటికంటే నున్నని రోడ్డు బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే, కానీ దాని మీదికి రెండు చక్రాలను రానివ్వరు. మిగిలిన రోడ్ల మీద ఇటుక ట్రాక్టర్లు జారవిడిచిన ముక్కలు, ముందస్తు సూచన లేని హంపులు, వేసిన రైలు గేట్లు ఉంటాయి. రాగి కోతలయ్యాక బండ్ల చక్రాలకింద నలగాలని రైతులు రోడ్డు మీదే కంకులు పరుస్తారు. కారు తొక్కితే రైతుకు సంతోషం, ఆసామి తొక్కితే గొలుసులో రాగిగడ్డి చుట్టుకుని ఇద్దరికీ నష్టం.

ఈ సైకిలు పుట్టిందే బురద కోసం. మాలూరు మట్టి ఇటుక బట్టీలవాళ్ళు వెతుక్కుంటూ వచ్చే జిగురు మట్టి, బెల్జియంలోనైనా గౌరవం పొందగలది. అయితే జీవనది లేని ఈ జిల్లాలో వానలు తక్కువ. 2018 నుంచి చెరువులు నింపడానికి బెంగళూరు మురుగునీటినే శుద్ధిచేసి తెస్తున్నారు. సెప్టెంబరు, అక్టోబరులలో నాలుగు మంచి వానలు పడి, చెరువు కట్ట కింద దారి అచ్చం పందెపు దారిలా తయారైనప్పుడు ఆసామి ఏం చేస్తాడని అడగవచ్చు. సైకిలుకు దుప్పటి కప్పి లోపల పెడతాడు. బురదలో తిప్పితే పాడైపోతుందని అతని భయం.

ఎండాకాలంలో ముళ్ళ కాలం వస్తుంది. సర్కారు తుమ్మ, పల్లేరుకాయ ఈ ప్రాంతంలో టైరుకు సహజ శత్రువులు. ఊరికి దూరంగా గాలి పోతే ప్రెస్టా వాల్వు తెలిసిన మనిషి దొరకడు. అప్పుడు సైకిలు భుజమెక్కుతుంది. రైల్వేస్టేషన్ మెట్ల మీద అంతే. మేడమీద అద్దె ఇంటికి ఎక్కించాలన్నా అంతే, ఎందుకంటే కింద పెడితే పిల్లలు గేర్లు తిప్పుతారు. చవకగా వచ్చిన ఏడు గేర్లు టేకల్ ఎత్తు ఎక్కడానికి చాలవు, అక్కడా దిగాల్సిందే. మొత్తం కూడితే ఆసామి జీవితంలో అడ్డాలున్నాయి, మెట్లున్నాయి, దిగడాలు, ఎత్తుకోవడాలు ఉన్నాయి, దారి పక్క నిలబడి కేకలేసే ప్రేక్షకులు ఉన్నారు. బెల్జియం ప్రేక్షకుడి చేతిలో బీరు, వేయించిన బంగాళదుంప ముక్కలు ఉంటాయి. ఇక్కడి ప్రేక్షకుడి చేతిలో టీ ఉంటుంది. ఆసామి తనకు పోటీలు దొరకడం లేదని బాధపడుతుంటాడు గానీ, ఆటలో ఉండే కష్టాలన్నీ మాలూరు అతనికి ప్రవేశ రుసుము లేకుండానే సమకూర్చింది. లేనిది బహుమతి ఒక్కటే.

ఇతని సంభాషణకు చలికాలంలో ఊపు వస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో బెల్జియం పందేలు మన లెక్కన రాత్రి ఏడున్నర ప్రాంతంలో జరుగుతాయి. అది ఇంట్లో అనపకాయలు వలిచే వేళ. ఆసామి ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చేత్తో గింజలు పితుకుతూ, పందెగాడు మాత్యూ వాన్ డర్ పోల్ ఏ మలుపులో దిగి ఉండకూడదో వివరిస్తాడు. వినేవాళ్ళు వాన్ డర్ పోల్‌ను పారిశ్రామిక వాడలో కొత్తగా చేరిన మేనేజరు అనుకుంటారు.

ఇతన్ని పోలిన రకాలు రెండున్నాయి, పొరబడకూడదు. మొదటిది బెంగళూరు నుంచి వారాంతాల్లో నందికొండ ఎక్కేవాళ్ళు. 2007లో చిక్కబళ్ళాపురం వేరు జిల్లా అయ్యేదాకా ఆ కొండ కోలారు జిల్లాలోదే కనుక ఆసామి దాన్ని ఇప్పటికీ మనదే అంటాడు, ఎక్కడు. వాళ్ళు బిగుతు దుస్తులు వేస్తారు. ఇతను మాలూరులో బంధువులున్నవాడు గనుక ఫుల్ ప్యాంటు వేసి, గొలుసు వైపు కాలుకు రబ్బరుబ్యాండు పెట్టుకుంటాడు. రెండోది తెల్లవారుజామున నల్ల సైకిలుకు క్యాన్లు తగిలించి డెయిరీకి పాలు పోసే రైతు. ఆయన సైకిలు ఆసామి సైకిలుకంటే చాలా బరువు, పైగా గేర్లు లేవు. అయినా ఎత్తులో ఆసామిని దాటి వెళ్తూ, “ఏమప్పా, పంచరా?” అని పలకరిస్తాడు.

ఈ రకం ఆయుర్దాయం రెండేళ్ళు మించదు. కొందరి సైకిలు బాల్కనీలో తువ్వాళ్ళు ఆరేసే దండెం అవుతుంది. కొందరు “కొత్తదే, తక్కువ వాడింది” అని అమ్మకానికి పెడతారు. ఈ ప్రకటనలో రెండో మాట నిజం. ఎక్కువమంది మాత్రం ఒక్కొక్కటిగా రాజీపడతారు. పెళ్ళాం చెప్పిందని బెల్లు, వాన పడిందని మడ్గార్డు, షాపులో గోడకు ఆనించనివ్వలేదని స్టాండు బిగిస్తారు. వాల్వును షాపు పంపుకు తగిన రకంలోకి మారుస్తారు. ఒకనాడు సంత నుంచి పది కిలోల టొమాటో పెట్టె తేవాల్సి వచ్చి క్యారియర్ కూడా పడుతుంది. ఆ తర్వాత దాన్ని భుజానికెత్తుకోవడం కుదరదు, ఎత్తుకోవాల్సిన అవసరమూ పెద్దగా రాదు. అక్కడితో ఆసామి ఈ రకం లెక్కలోంచి తొలగి, మాలూరులో సైకిలున్న మామూలు మనుషుల లెక్కలో చేరతాడు.