కచ్చేరి పద్యం: ‘సహనదీపిక’ అను టీకా తాత్పర్యం

మూలం

ఆ.వె. ఫైలు దాచువాడు, ఫలితము నాదను
వాడు, నన్ని తెలియువాడు, మరియు
చెవిని కొరుకువాడు చేరిన కచ్చేరి
లోన నిలువవలయు లోతు నెరిగి.

అవతారిక

కాళిదాస కావ్యాలకు టీక రాసిన మల్లినాథసూరి మన మెతుకుసీమ కొలిచెలమ వాడు. మూలంలో లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని ఆయన నియమం. మొదటి సగం మేమూ పాటిస్తాం. విద్వద్గద్వాల అని పేరుమోసిన సంస్థానం పక్కనే పుట్టి కూడా ఈ పద్యానికి ఇన్నాళ్లూ వ్యాఖ్య లేకపోవడం పెద్ద లోటు.

కవి పేరు దాచుకున్నాడు. బయటపడితే మెమో వస్తుందని భయం. పద్యానికి సందర్భం 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా జరిగిన కృష్ణా పుష్కరాలు. స్థలం బీచుపల్లి ఘాట్, అంటే హైదరాబాదు నుంచి కర్నూలు పోయే 44వ నంబరు జాతీయ రహదారి కృష్ణను దాటి నడిగడ్డలో కాలుపెట్టే చోటు. అక్కడ పుష్కర డ్యూటీ అంటే, ఎన్నడూ ఒకరి మొహం ఒకరు చూడని శాఖలన్నీ పన్నెండు రోజులు ఒకే షామియానా కింద కాపురం చేయడం. కవికి అంతకన్నా ప్రేరణ ఏం కావాలి?

ప్రతిపదార్థం

ఫైలు దాచువాడు = వచ్చిన కాయిదాన్ని కదలనివ్వనివాడును; ఫలితము నాదనువాడు = పని అయ్యాక ఫొటోలో ముందు నిలబడేవాడును; అన్ని తెలియువాడు = అడగకుండానే సెలవిచ్చేవాడును; మరియు = ఇంకనూ; చెవిని కొరుకువాడు = పెద్దసారు పక్కన వంగి మాట్లాడేవాడును; చేరిన = కూడిన; కచ్చేరిలోన = ఆఫీసునందు; లోతున్ ఎరిగి = లోతు తెలిసికొని; నిలువవలయున్ = నిలబడవలెను.

వ్యాఖ్య

‘ఫైలు దాచువాడు’: వీడు సోమరి అనుకుంటే పొరపాటు. దాచడం వీడి పని, అందులో ఎంతో శ్రమ ఉంది. ఘాట్‌లో చల్లడానికి బ్లీచింగ్ పౌడర్ కావాలని ఒక ఇండెంటు రాశారనుకుందాం. అది టిఫిన్ డబ్బా కింద మడతపడి ఉంటుంది.

“సారూ, గా పౌడర్ కాయిదం ఏమాయె?”

“పరిశీలనల ఉన్నది.”

“ఎవరు పరిశీలిస్తున్నరు సారూ?”

“గదే పరిశీలిస్తున్న.”

ఈ సంభాషణకు వేదాంతంలో తప్ప ముగింపు లేదు. విరుగుడు మాత్రం కచ్చేరి శాస్త్రంలోనే ఉంది. తపాలు రిజిస్టరులో నంబరు వేసి, తేదీతో సంతకం పెట్టించుకుని కాయిదం అప్పగించాలి. సంతకం పడ్డ కాయిదం డబ్బా కింద ఎక్కువసేపు నిలవదు. అరిచి సాధించలేనిది అరసంతకం సాధిస్తుంది.

‘ఫలితము నాదనువాడు’: ఇక్కడ కవి చూపు ఘాట్ పక్కనున్న ఆంజనేయుడి గుడి వైపు మళ్లిందని మా అభిప్రాయం. ఈ స్వామిని వ్యాసరాయలు ప్రతిష్ఠించాడని క్షేత్రంలో చెప్పుకుంటారు. లంక నుంచి తిరిగొచ్చిన హనుమంతుడు ముందు సీతమ్మ కనబడిన సంగతి చెప్పాడు. తాను చేసిందంతా జాంబవంతుడు అడిగాకే వివరించాడు. పని ముందు, తాను తర్వాత. మన కథానాయకుడు దీన్ని తిరగేసి, సముద్రం దాటడం దగ్గర మొదలుపెట్టి సీత దగ్గరికి రాకముందే దండ వేయించుకుంటాడు. విరుగుడు: పని జరుగుతుండగానే, ఎవరెవరు ఏం చేశారో పేర్లతో సాయంత్రపు రిపోర్టులో పడాలి. దండ పడ్డాక రాసే రిపోర్టు ఫిర్యాదు అవుతుంది.

‘అన్ని తెలియువాడు’: “2004 పుష్కరాలల్ల మేం గిట్ల చేయలే” అన్నది వీడి బీజాక్షరం. వాదిస్తే గంట పోతుంది, ఒప్పుకుంటే రోజు పోతుంది. “ఆ అనుభవం ఒక పేజీ రాసివ్వండి సారూ” అనాలి. నిజంగా తెలిసినవాడైతే రాసిస్తాడు, మనకు లాభం. కాకపోతే చాయ తాగడానికి లేస్తాడు, అదీ లాభమే.

‘మరియు’: గణం చాలక కవి అతికించిన పదమని లాక్షణికులు ఆక్షేపిస్తారు. కాదు. నలుగురితో జాబితా ముగియలేదని, మిగతావారిని పాఠకులు తమ తమ ఆఫీసుల నుంచి పూరించుకోవాలని కవి హృదయం.

‘చెవిని కొరుకువాడు’: వీడికి మూలపురుషుడు దధిముఖుడు. సీత జాడ తెలిసిన సంబరంలో వానరులు మధువనం మీద పడి తేనె తాగి చిందులేస్తే, కావలిదారు దధిముఖుడు పరుగున వెళ్లి సుగ్రీవుడికి మొరపెట్టాడు. ఆయన రాజుకు స్వయానా మేనమామ అన్నది గమనించాలి. కొండెం మోసేవాడికి చుట్టరికం ఉండటం అప్పటి నుంచీ ఆచారమే. సుగ్రీవుడు మండిపడలేదు. గడువు దాటి వచ్చినవాళ్లు ఇంత ధైర్యంగా వనం పాడుచేశారంటే పని అయ్యే ఉంటుందని లెక్కగట్టి సంతోషించాడు. కొండెం లోపల కబురుంటుంది. దాన్ని వేరు చేయగల అధికారి ఉన్నచోట చెవి కొరికేవాడికి పళ్లు అరుగుతాయే తప్ప ఎవరి ఉద్యోగమూ అరగదు.

‘లోతు నెరిగి’: పద్యానికి ప్రాణం ఇదే. బీచుపల్లి మెట్ల దగ్గర నీటి లోతు స్థిరం కాదు. ఎగువన జూరాల గేట్లు ఎత్తితే నిన్న మోకాలి దాకా ఉన్నది నేడు నడుము దాటుతుంది. పక్క కుర్చీవాడి కోపమూ అంతే. పొద్దున టెలికాన్ఫరెన్సులో పైనుంచి ఎంత వదిలారో మధ్యాహ్నానికి వాడి నోట అంత వస్తుంది. అది మన మీద వచ్చిన వరద కాదు, మన మీదుగా పోయే వరద. ఈ తేడా తెలిసినవాడే నిలబడతాడు.

పాఠాంతరం

కొన్ని ప్రతుల్లో చివర ‘లోన నవ్వి’ అని ఉంది. గణాలు సరిపోయాయి, యతి చెల్లింది. అయినా మేము ఒప్పుకోం. పాదం మొదట్లోనే ‘లోన’ ఉంది గనుక పునరుక్తి. పైగా లోపలి నవ్వు మొహం మీదికి రాకుండా ఆపడం అందరి వల్లా కాదు.

శంక, సమాధానం

“ఇలాంటివాళ్లను వదిలించుకోవాలి గానీ, నిలబడమంటాడేం?” అని శంక. సమాధానం చరిత్రలో ఉంది. పుష్కరాలు ముగిసి రెండు నెలలు తిరక్కుండానే, 2016 అక్టోబరు 11న పాలమూరు జిల్లా విడిపోయి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు కొత్తగా వచ్చాయి. బల్లలు, బీరువాలు, మనుషులు అంతా పంపకం. పీడ విరగడైందని మిఠాయి పంచినవారు ఉండే ఉంటారు. కొత్త కుర్చీలో కూర్చున్నవాడు కూడా ఈ పద్యంలోంచే వచ్చి ఉంటాడు. మనిషి మారతాడు, పదం మారదు.

అలంకారం: స్వభావోక్తి. అతిశయోక్తి అన్నవారు ఆఫీసులో పనిచేయనివారు.

తాత్పర్యం

తోటి ఉద్యోగి స్వభావాన్ని దిద్దడం నీ డ్యూటీ చార్టులో లేదు. నీ పనిని కాయిదం మీద పెట్టు, వాడి కోపంలో పైవాడి వాటా ఎంతో తీసేసి మిగిలినదానికే జవాబు చెప్పు. అంతకుమించి ఏ వ్యాఖ్యాతా చెప్పగలిగింది లేదు.

ఫలశ్రుతి

కృష్ణకు మళ్లీ పుష్కరాలు 2028లో. బీచుపల్లి డ్యూటీ పడగలవారు ఇప్పటినుంచే రోజుకొకసారి ఈ పద్యం చదువుకోవలెను. తపాలు రిజిస్టరు మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవలెను.